కణుజు ఆగిన చోట్లు

రోహిణి కార్తె, మొదటి సోమవారం. దిగువ జోలపాడు, బడి వరండా.

యంత్ర పరీక్షల మండలి నియమం ప్రకారం పరీక్షకుడు దినచర్యను తన చేతితోనే వ్రాయవలెను. వాక్యాలను యంత్రం చేత దిద్దించరాదు. రెండవ నిబంధన నా విషయంలో అనవసరం. నా వాక్యాన్ని దిద్దగల యంత్రం ఇంకా పుట్టలేదు.

నా పేరు తిరునగరి పరాంకుశం. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విరమించినవాడిని. యంత్రాలు తమంతట తాము నేర్చుకోవడం మొదలుపెట్టిన తరువాత, వాటిని పరీక్షించే పనిని మొదట ఇంజనీర్లకే అప్పగించారు. యంత్రంలో ఏమి పెట్టారో వారు చెప్పగలిగారు గాని, దాని బుర్రకు ఏమి ఎక్కిందో చెప్పలేకపోయారు. నేర్చినదెంత, బట్టీ పట్టినదెంత, పక్కవాడిని చూసి వ్రాసినదెంత అన్నది తేల్చగలవారు బడిపంతుళ్ళేనని మండలి ఆలస్యంగానైనా గ్రహించింది. ఇంతవరకు ఒక పడవ, ఒక నాగలి, బావులు తవ్వే యంత్రం ఒకటి నా యెదుట పరీక్షకు వచ్చాయి. పడవ మొదటి తరగతిలో నెగ్గింది. నాగలి తప్పి, సెప్టెంబరు పరీక్షకు పోయింది. బావుల యంత్రం సంగతి వ్రాయకపోవడమే మర్యాద.

ఈసారి పరీక్షార్థి రెండు చక్రాల బండి. కొండదారుల కోసమే పుట్టినది. పేరు కణుజు. రాళ్ళ మీద ఎగబాకే పెద్ద దుప్పిని ఇక్కడ అలా పిలుస్తారు. సీటు నా నడుము కంటె ఎత్తు. టైర్ల నిండా వేలెడేసి రబ్బరు గుబ్బలు. ముందు మడ్‌గార్డు కొంగ ముక్కులా పైకి లేచి ఉన్నది. మోటారు తిరిగితే ఇత్తడి బిందెలో తుమ్మెద పడినట్లు వినిపిస్తుంది. కూలిపోయిన ఎగురుబండి మోటారును పాత మోటారు సైకిలు చట్రంలో బిగించి దీనిని తయారు చేసినది పాంగి సుకిరి అనే మెకానిక్కు. నలభై యేళ్ళ మనిషి. వినయం ఆమె పనిముట్లలో లేదు.

“సూడండి మేస్టారూ, ఇది ఎక్కని కొండ ఈ దేశంలో లేదు,” అన్నది.

“దేశమంతా ఎక్కించి చూశావా అమ్మాయ్?”

“మా కొండ ఎక్కితే దేశం ఎక్కినట్టేనండి. మిగతావన్నీ పుట్టలే.”

ఆమె కొండ మీదనే ఎగువ జోలపాడు ఉన్నది. తారు రోడ్లను పెకలించి అడవికి అప్పగించిన నాటి నుండి ఆ గూడేనికి మనుషులూ మందులూ ఎగురుబళ్ళలోనే పోతున్నాయి. వానకాలంలో ఈ కొండల గాలికి ఎగురుబండి లేవదు. నర్సు చేరలేని ఊరిలో వానకాలం ఎవ్వరూ ఉండరాదని చట్టం. అందువల్ల ఏటా ఆరుద్ర కార్తెకు ముందే గూడెం గూడెమంతా దిగివచ్చి, సముద్రపు ఒడ్డున వానమేడల్లో నాలుగు నెలలు తలదాచుకుంటుంది. తిరిగి వెళ్ళేసరికి పసుపు చేలు పందులు తవ్వి పోస్తాయి. ఇళ్ళలో చెదలు కాపురం పెడతాయి.

నర్సును ఎక్కించుకొని వానదారిలో నడవగల బండి ఒకటి పరీక్ష నెగ్గితే గూడెం దిగనక్కరలేదు. తుదిపరీక్ష మృగశిర కార్తె ప్రవేశించిన నాడు. తప్పితే మళ్ళీ పరీక్ష వానలు వెళ్ళిన తరువాతనే.

“తప్పదులెండి. మా అమ్మ మూటలు కట్టలేదు ఈ ఏడు. కట్టనని ఒట్టేసుకున్నాది,” అన్నది సుకిరి. నవ్వుతూనే అన్నది గాని, చేతిలో స్పానరును మాత్రం అవసరానికి మించి తుడిచింది.

బండి బుర్ర మీద మండలి లక్కముద్ర వేశాను. ఫలితం వచ్చేవరకు దానిని విప్పరాదు, లోపల దిద్దరాదు. బండి తనంతట తాను నేర్చుకుంటే అభ్యంతరం లేదు. విద్యార్థి అన్నవాడు పరీక్ష గది గుమ్మం దాకా చదువుతూనే ఉంటాడు.

రోహిణి కార్తె, మంగళవారం.

పరీక్షకుడే బండి నడపవలెను. ఇది నియమం. యౌవనంలో నేను మోటారు సైకిలు నడిపినవాడినే; అయితే రోడ్డు ఉన్న రోజులవి.

కొండదారిలో సీటు మీద కూర్చొని నడపరాదట. కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద ఆనించి, మోకాళ్ళు కొద్దిగా వంచి, నిలబడి నడపాలి. అప్పుడు బండి కింద ఎంత గంతులు వేసినా మనిషి నిలకడగా ఉంటాడు.

“ఎంతమందిని బెంచీ ఎక్కించి నిలబెట్టుంటారు మేస్టారూ, మీ సర్వీసులో?” అన్నది సుకిరి.

“అవసరమైనంత మందిని.”

“వాళ్ళ ఉసురేనండి ఇది. ఎక్కండి.”

ఎక్కాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఒంటిని ముందుకు వంచాలి. దిగేటప్పుడు వెనక్కు జరపాలి. ఈ రెండూ త్వరగానే పట్టుబడ్డాయి. మూడవది పట్టుబడలేదు. హేండిలును గట్టిగా పట్టుకోరాదట.

“అది కోడిమెడేటండి, అలా పిసికేస్తన్నారు! వదులుగా పట్టండి. రాయి తగిలితే ముందు సెక్రం అటూ ఇటూ కొట్టుకుంటాది, కొట్టుకోనీండి. దాన్ని ఆపాలని సూస్తే అది మిమ్మల్నే ఆపేస్తాది.”

ఆపింది. చోడి (అంటే రాగి) చేను గట్టు మీద నుండి నన్ను నేరుగా బురదమడిలో దించింది. దెబ్బలు లేవు. పంచె మార్చుకున్నాను. రేపటి నుండి పంట్లాము.

దీనికంటె పెద్ద విషయం బండి భాష. ముందున్న గండాలను కణుజు నోటితో చెబుతుంది. సుకిరి తన మాటలే దానికి అబ్బేటట్లు చేసింది. “గొయ్యుంది, సూస్కో” అంటుంది. అరవై ఏడేళ్ళ మనిషిని, జీవితంలో మొదటిసారి కలిసిన మనిషిని, “సూస్కో”! “చూచుకొనుడు అనవలెను” అని ప్రతిసారీ చెప్పి చూశాను. వినిపించుకున్న జాడ లేదు.

రోహిణి కార్తె, గురువారం.

ఈ దినం పరీక్షామార్గానికి గుర్తులు పెట్టాను. పని క్రమంగా జరగాలంటే ప్రశ్నలు ఎక్కడున్నాయో ముందే తెలియాలి. మొదటి ప్రశ్న వాగు దాటడం. రెండవది వెదురు పొదల నడుమ ఇరుకు మలుపు. మూడవది ఏనుగుబండ: ఏనుగు వీపులా నున్నగా, ఏటవాలుగా ఉన్న ఒకే రాయి, ఎక్కుతూ మధ్యలో ఆగితే వెనక్కు జారడమే. నాలుగవది వదులురాళ్ళ ఎక్కుడు. అయిదవది పడిపోయిన మద్దిమాను దుంగ. ప్రతి చోటా దారి పక్కన నడుమెత్తున రాళ్ళు పేర్చాను.

ఉదయం వేళ ఇక్కడ మంచు దట్టం. రాళ్ళ మీద కనబడే రంగేదైనా పూయాలి. సున్నం దొరకలేదు. సుకిరి తల్లి ముత్తాయమ్మ పసుపు తెచ్చి ఇచ్చింది. పండించేది వారే గనుక చాటెడు ఇచ్చింది. ముద్దగా కలిపి, ప్రతి రాశికీ దిట్టంగా పట్టించాను. దూరం నుండి దివ్యంగా కనబడుతున్నాయి. పటం గీసి, గుర్తులతో సహా మండలికి పంపాను. నమోదు అయినది. ఇక ఆ గుర్తులను పరీక్ష ముగిసేవరకు కదల్చరాదు, చెరపరాదు.

అయిదు ప్రశ్నలకూ పైన కనుమ ఉన్నది. అక్కడ రాళ్ళ నడుమ కనుమతల్లి. ఎన్ని తరాల పసుపో, రాయి కనబడదు. ఆ దారిన పోయేవారెవరైనా అక్కడ ఆగి దండం పెట్టి, బ్రేకులు చూసుకొని, ఊపిరి తీసుకొని కదులుతారు. సుకిరి వెనుక కూర్చొని పోయిన నేనూ బండి దిగి చెప్పులు విప్పి నిలబడ్డాను. స్థానికాచారాన్ని గౌరవించడం పరీక్షకుడి విధి.

రోహిణి కార్తె, శనివారం.

తొలి సాధన. కణుజు ఆగింది.

వాగు వరకు గుర్రంలా వచ్చింది. మొదటి గుర్తు దగ్గర, నీటిలో దిగబోయే ముందు, ఎవరో కళ్ళెం లాగినట్లు నిలిచిపోయింది. మోటారు తిరుగుతూనే ఉన్నది, చక్రం కదలదు. నేను కళ్ళద్దాల మీద తుంపరలు తుడుచుకొని మళ్ళీ హేండిలు పట్టుకోగానే “ఎల్దుం” అని బయలుదేరింది. ‘వెళ్దాము’ అని సవరించాను.

వెదురు మలుపు దగ్గర మళ్ళీ ఆగింది. అప్పుడు జేబులోంచి కలం తీసి, ఆగిన సంగతి వ్రాసుకున్నాను. మళ్ళీ కదిలింది. ఏనుగుబండను ఈ దినం ప్రయత్నించలేదు.

నియమం స్పష్టం: అకారణంగా ఒక్కసారి ఆగితే మందలింపు, రెండవసారికి పరీక్ష తప్పినట్లే.

గుర్తులు లేనప్పుడు ఇది ఆగలేదని నాకు తోచకపోలేదు. అయితే కారణం కూడా వెంటనే తోచింది. పరీక్ష అని తెలియగానే బెదిరింది! ఏడాది పొడుగునా గడగడా అప్పజెప్పిన పిల్లవాడు ప్రశ్నపత్రం చూడగానే కొయ్యబారిపోవడం నేను ఎన్నిసార్లు చూడలేదు? ఇటువంటివారికి దండన పనికిరాదు, లాలన కావాలి. తిరుగుదారిలో ప్రతి గుర్తు వద్దా, “భయము లేదు నాయనా, నీకు తెలిసినదే వ్రాయుము” అని మోటారు మీద తట్టాను. తట్టినప్పుడల్లా కదిలింది. నా పద్ధతి ఫలిస్తున్నదని సంతోషించాను.

రోహిణి కార్తె, రెండవ సోమవారం.

ఫలించలేదు. కణుజు ప్రతి గుర్తు వద్దా ఆగుతున్నది.

సుకిరి మోటారు విప్పింది, తుడిచింది, బిగించింది. చైను మార్చింది. తరువాత తానే నడిపింది. ఆశ్చర్యం! అయిదు గుర్తులూ దాటింది, ఎక్కడా ఆగలేదు. ఏనుగుబండను బల్లిలా పాకి ఎక్కింది. దిగివచ్చి, హెల్మెటు తీసి, నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

“బండికేటీ లేదు మేస్టారూ. మీకే ఉన్నాది.”

“నాకేమున్నది?”

“గొంతు. మీరలా ‘వ్రాయుము, చేయుము’ అని మీదపడిపోతంటే, దానికి గుండాగిపోతన్నాది. నాకే ఆగిపోతన్నాది!”

నేను కోపగించుకోలేదు. శాస్త్రీయంగా పరీక్షించవలెనని మూడుసార్లు నోరు మెదపకుండా నడిపాను. మూడుసార్లూ ఆగింది. నా గొంతు నిర్దోషి అని తేలింది. ఆ మాట సుకిరికి చెప్పగా, “అయితే మొహం సూసి భయపడతందేటో” అన్నది.

ఇంకొక చిరాకు. పరీక్షాగుర్తుల మీద ఎవరో పూలు పెడుతున్నారు. ఏనుగుబండ రాశి ముందు కొబ్బరిచిప్ప కూడా కనబడింది. మేకల కాపరులను అడిగితే, “కొత్తగా వెలిసినాది కదండి” అన్నారు. ఇవి మండలి వారి గుర్తులనీ, నేనే పేర్చాననీ వివరంగా చెప్పాను. వారు శ్రద్ధగా విని, పోతూ పోతూ దండం పెట్టారు.

రోహిణి కార్తె, బుధవారం.

నర్సు వచ్చింది. పేరు ఎస్తేరు. చిన్న వయసు, పెద్ద నవ్వు, భుజాన మందుల పెట్టె. తుదిపరీక్షలో వెనుక కూర్చోవలసినది ఆమెయే.

“మాస్టారండీ, నేను ఎగురుబండిలోనే కళ్ళు మూసుకుంటానండి. దీంట్లో ఏం మూసుకోవాలి?” అని అడిగింది.

“నోరు,” అన్నది సుకిరి. “మేస్టారికి శబ్దం పనికిరాదు.”

నేను నడిపాను. వాగు వద్ద ఆగింది. కళ్ళద్దాలు తుడుచుకున్నాను. కదిలింది. వెదురు వద్ద ఆగింది. మోటారు తట్టాను. కదిలింది. ఏనుగుబండ ఎక్కుతుండగా, సరిగ్గా నడిమధ్యలో, పూలదండ వేసిన నా రాశి పక్కన, ఆగింది.

అటువంటి చోట ఆగితే ఏమవుతుందో సుకిరి మొదటే చెప్పింది. అదే అయింది. ముగ్గురమూ, అంటే నేను, ఎస్తేరు, కణుజు, వరుసగా వెనక్కు జారి గచ్చకాయల ముళ్ళపొదలో పడ్డాము. నా మోకాలు చీరుకుపోయింది. ఎస్తేరు మందుల పెట్టెను గుండెకు హత్తుకొని, పెట్టెకు ఏమీ కాలేదని ముందు చెప్పి, తరువాత తనకు ఏమీ కాలేదని చెప్పింది. మంచి నర్సు.

సుకిరి పరుగున వచ్చింది. మొదటిసారిగా ఆమె నోట హాస్యం రాలేదు. కణుజును లేపి, ముందు చక్రం మీద చేయి వేసి, అలాగే నిలబడింది.

“నిజం సెప్పండి మేస్టారూ. నెగ్గదేటి?”

నిజం చెప్పడం నా వృత్తి. “ఇలాగే ఆగితే నెగ్గదు” అన్నాను.  పైన గూడెంలో పొయ్యిల పొగ లేస్తున్నది. ముత్తాయమ్మ కట్టని మూటలు గుర్తుకు వచ్చాయి.

బడికి తిరిగివచ్చి నా మోకాలికి కట్టు కట్టిన తరువాత ఎస్తేరును సుకిరి తన వెనుక ఎక్కించుకొని పైదాకా తీసుకువెళ్ళి దించి తెచ్చింది. ఒక్క చోటా ఆగలేదు. దిగగానే ఎస్తేరు ఒక ప్రశ్న వేసింది.

“అక్కా, ఒక మాట అడగనా? ఆ పసుపు రాళ్ళు వచ్చినప్పుడల్లా నువ్వు చెయ్యి వదిలేస్తున్నావేంటి? నాకు పైప్రాణాలు పైనే పోయాయి.”

“నానా? నానెక్కడొదిలాను?”

“ప్రతి చోటా వదిలావక్కా! కుడి చెయ్యి తీసి నుదుటికి తాకించి, మళ్ళీ పట్టుకుంటున్నావు. మాస్టారు బండి నడుస్తుండగా ఒక్కసారి కూడా వదల్లేదు. అందుకే అడుగుతున్నాను, ఏది రైటు?”

సుకిరి తన కుడిచేతిని, అది వేరెవరిదో అయినట్లు, తిప్పి చూసుకున్నది. నేను బడి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎస్తేరు ప్రార్థన మందిరానికి వెళ్ళే పిల్ల గనుక ఆమె కంటికి అది కనబడింది. మాకెవ్వరికీ కనబడలేదు, కన్ను రెప్పపాటును చూస్తుందా?

వెంటనే మొదటి గుర్తు వద్దకు పోయి చూశాము. నేను నడిపాను. ఆగింది. కళ్ళద్దాలు తుడుచుకోలేదు, కలం తీయలేదు, లాలించలేదు. రెండు చేతులతో హేండిలు పట్టుకొని అలాగే ఉన్నాను. అది కూడా అలాగే ఉన్నది. తరువాత కుడిచేయి తీసి నుదుటికి తాకించాను.

“ఎల్దుం,” అన్నది కణుజు.

సుకిరి నవ్వుతూ నవ్వుతూ వాగు ఒడ్డున కూలబడింది. నాలుగేళ్ళు ఆమె కనుమ మీదుగా నడిపి నేర్పిన బండి అది. పసుపు రాళ్ళు కనబడితే ఆగాలి, చేయి లేచి దిగితే కదలాలి. చేయి ముందే లేస్తే ఆగనక్కరలేదు. ఎవరూ నేర్పని ఆ పాఠాన్ని అది నిర్దుష్టంగా నేర్చుకున్నది. ఆ పాఠానికి అడుగడుగునా ప్రశ్నలు పెట్టినవాడిని నేను. చాటెడు పసుపుతో.

రోహిణి కార్తె, గురువారం.

సమస్య తెలిసినంత మాత్రాన తీరదు. బుర్ర ముద్ర విప్పరాదు. నమోదైన గుర్తులు చెరపరాదు. రెండు నియమాల కిందా నా సంతకమే ఉన్నది.

“నీళ్ళు కొట్టి కడిగేద్దుమండి, ఎవలు సూస్తారు?” అన్నది సుకిరి.

“నేను చూస్తాను.”

ఉన్న దారి ఒక్కటే. గుర్తు రాకముందే పరీక్షకుడు చేయి ఎత్తాలి. అప్పుడు బండి ఆగదు. ఇందులో నియమభంగం లేదు. ఏ చేయి ఎప్పుడు ఎక్కడ ఉండవలెనో మండలి వ్రాయలేదు. అభ్యంతరం నాది.

“నేను పేర్చిన రాళ్ళకు నేనే మొక్కుటయా? అంతకంటె హాస్యాస్పదమైనది ఉన్నదా?”

ఆ దినం కిందికి వచ్చిన ముత్తాయమ్మ బడి అరుగు మీద పసుపుకొమ్ములు ఏరుతున్నది. తల ఎత్తకుండా అన్నది: “ఎవలు పేర్సితే ఏటి బాబూ. కనుమతల్లి రాళ్ళైనా ఎవలో ఒకలు పేర్సినవే కదా. దాటించేదైతే సాలు.”

నేను హెల్మెటు పెట్టుకున్నాను. 

సాధన మొదలుపెట్టాము. మొక్కడం కంటె చేయి వదలడం కష్టం. రాళ్ళ మీద నిలబడి పోతున్నప్పుడు ఒక చేయి తీయడం అంటే, ఇంతకాలం పిసికిన కోడిమెడను వదలడమే. వాగు వద్ద వదిలాను. వెదురు వద్ద వదిలాను. ఏనుగుబండను సుకిరి దాటించి ఇవ్వగా, వదులురాళ్ళ వద్దా, దుంగ వద్దా కూడా వదిలాను. ఏనుగుబండ మీద మాత్రం వేళ్ళు విడివడలేదు. రెండుసార్లూ కింద సుకిరి కాచుకొని పట్టుకున్నది.

“కుడిచెయ్యి తీస్తే యాక్సిలేటరు పోతుంది గదమ్మా!”

“పోదండి. మీరొదిలితే అది పట్టుకుంటాది. నానొదిలితే పట్టుకోలేదా? మీరొదలందే దానికెలా తెలుస్తాది, తనకొచ్చని?”

రోహిణి కార్తె, శనివారం.

ఏనుగుబండ: విఫలం. మోకాలు నయం. ఎస్తేరు ఇప్పుడు కళ్ళు తెరిచే కూర్చుంటున్నది. “నేను వెనక ప్రార్థన చేసుకుంటానండి, మీరు ముందు దండం పెట్టుకోండి. బండికి ఏది నచ్చితే దాంతో వెళ్దాం” అంటున్నది.

ఈ దినం కణుజు “గొయ్యుంది, సూచుకొనుడు” అన్నది. మొదటి మాట సుకిరిది, రెండవది నాది. సంకరమే అయినా, మార్కు వేశాను.

మృగశిర కార్తె ప్రవేశం. తుదిపరీక్ష.

తెల్లవారేసరికి మబ్బు కొండ మీద చాప పరచినట్లు ఉన్నది. వాన కారణంగా పరీక్షను వాయిదా వేసే అధికారం నాకున్నది. వాయిదా అంటే గూడెం దిగడమే. బండి తెమ్మన్నాను.

నియమం ఇది: నర్సుతో, మందులతో, మధ్యాహ్నానికి ముందే గూడెం చేరి, తిరిగి దిగిరావాలి. అకారణంగా ఆగరాదు.

వాగు చేరేసరికి వాన మొదలైంది. మొదటి గుర్తు మీద పసుపు కరిగి ఏరులా కారుతున్నది. అది ఇంకా కణుజు కంటికి తల్లియో, ఉత్త రాళ్ళో నాకు తెలియదు. ఎందుకైనా మంచిదని చేయి ఎత్తాను. నీళ్ళు మోకాళ్ళ దాకా ఎగిరాయి, దాటాము. వెదురు వద్ద పసుపు అసలే లేదు. అక్కడా చేయి ఎత్తాను. కణుజు ఇరుకు మలుపులో నడుము తిప్పుకొని దూరిపోయింది. వానే నా గుర్తులను చెరిపివేస్తున్నది. వానకు నియమావళి వర్తించదు. ఇక ఏనుగుబండ కూడా కడిగినట్లే ఉంటుందని లోలోపల సంబరపడ్డాను.

బండ కనబడింది. నా రాశి మీద ఎవరో తాటాకు గొడుగు కట్టారు! దాని కింద కొత్త పసుపు, కుంకుమ బొట్టు, ఎర్రమందారం. చుక్క తడి లేదు. పక్కన వానలో తడుస్తూ ముత్తాయమ్మ, గూడెం ఆడవాళ్ళు కొందరు నిలబడి ఉన్నారు. తమ ఊరిని నిలబెట్టమని మొక్కుకోవడానికి వచ్చినవారు. తమ మొక్కే మాకు అడ్డమని వారికి తెలియదు.

“బండ వస్తాది, సూచుకొనుడు,” అన్నది కణుజు.

ఒంటిని ముందుకు వంచాను. బండ మీద నీరు పొరలుగా జారుతున్నది. టైరు గుబ్బలు పట్టు వెతుక్కుంటున్నాయి. రాశి దగ్గర పడుతున్నది. వేళ్ళు విడివడడం లేదు.

పలక మీద ‘అ’ దిద్దించేటప్పుడు పిల్లవాడి చేతిని మన చేతిలో పట్టుకుంటాము. పట్టుకున్నంతసేపూ అక్షరం గుండ్రంగా వస్తుంది, అది మన అక్షరం. వదిలిన రోజున వంకరగా వస్తుంది, అది వాడి అక్షరం. వదలనిదే వాడు ఎన్నటికీ వ్రాయడు. ఇది ఎందరికో చెప్పిన మాట.

వదిలాను.

కుడిచేయి నుదుటిని తాకింది. ఆ క్షణంలో బండి నా చేతిలో లేదు. బండ మీద ఉన్నది. మోటారు శబ్దం ఒక్క పిసరు తగ్గలేదు. ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకున్నది, కొట్టుకోనిచ్చాను. గొడుగు, మందారం, ముత్తాయమ్మ జోడించిన చేతులు, అన్నీ పక్కనుండి వెనక్కు పోయాయి. వెనుక నుండి “స్తోత్రం! స్తోత్రం!” అని ఎస్తేరు అరుపు. బండ పైకి వచ్చాము.

ఆ తరువాత రాళ్ళూ, దుంగా నాకు సరిగా గుర్తు లేవు. దుంగ మీద ఎగిరినప్పుడు నేను ఏదో అరిచాననీ, అది వ్యాకరణబద్ధం కాదనీ ఎస్తేరు చెబుతున్నది. ఆమెకు సరిగా వినబడి ఉండదు.

కనుమతల్లి వద్ద కణుజు ఆగింది. అది నా గుర్తు కాదు. నేను చేయి ఎత్తలేదు, ఎత్తవలెననీ అనిపించలేదు. బండి దిగి, బ్రేకులు తడిమి చూశాను. కాలుతున్నాయి. అవతలి దిగుడు కింద మబ్బులో కలిసిపోయి ఉన్నది. అవి చల్లారేవరకు ముగ్గురమూ వానలో నిలబడ్డాము. అప్పుడు దండం పెట్టాను, రెండు చేతులతోనూ.

గూడెం చేరేసరికి మధ్యాహ్నం ఇంకా కాలేదు. చోడంబలి ఇచ్చారు. ఎస్తేరు ఒక పసిపిల్లవాడి చెవిపోటు చూసింది. దిగివచ్చాము. దిగువన సుకిరి వానలోనే, గొడుగు లేకుండా, బడి గేటు పట్టుకొని నిలబడి ఉన్నది. నేను హెల్మెటు తీశాను. 

“మీ అమ్మను మూటలు కట్టవద్దని చెప్పు,” అన్నాను.

ఎంత ప్రగల్భాలు పలికే మనిషి!  కణుజు సీటు మీద తల ఆనించి ఏడ్చింది. తరువాత ముక్కు తుడుచుకొని, “నాను సెప్పానా లేదా?” అన్నది.

ఆరుద్ర కార్తె, శుక్రవారం. ఎగువ జోలపాడు; చివరి భాగం దిగువకు వచ్చి వ్రాసినది.

మండలి ఫలితం ప్రకటించింది. కణుజు నెగ్గింది. ఎక్కుడు: మొదటి తరగతి. దిగుడు: మొదటి తరగతి. భాష: ఉత్తీర్ణత మాత్రమే. అది కూడా ఉదారంగా వేశాను.

మండలి ఒక ప్రశ్న అడిగింది: ‘పసుపు రాళ్ళ వద్ద ఆగే అలవాటును బుర్ర నుండి తీసివేయవలెనా? పరీక్షకుడి అభిప్రాయము తెలుపుడు.’ నేను వ్రాసిన సమాధానం: ‘కనుమ వద్ద దిగుడుకు ముందు ఆగడం అకారణం కాదు. బ్రేకులు చల్లారుతాయి, మనిషి ముందు చూసుకుంటాడు. ఆ అలవాటును ఉంచవలెను. అనవసరమైన చోట్ల గుర్తులు పెట్టినది పరీక్షకుడు. దిద్దవలసినది ఉంటే అతనిని దిద్దవలెను.’

గుర్తులను తీసివేయడానికే ఈ దినం పైకి వచ్చాను. నాలుగింటిని విప్పి రాళ్ళు వాగులో వేశాను. ఏనుగుబండ దగ్గరకు పోతే చేయి వేయనివ్వలేదు. తాటాకు గొడుగు పోయి రేకుల కప్పు వచ్చింది. ముందు నూనె దీపం. వానమేడలకు దిగకుండా నిలిపిన తల్లి కదా అంటారు. పేరు కూడా పెట్టారు: పరీక్షమ్మ. బడిపిల్లలు అప్పుడే పలకలు తెచ్చి తాకిస్తున్నారు. చదవకుండా మొక్కితే లాభం లేదని వారికి నొక్కి చెప్పాను.

గూడెం ఇళ్ళ మీద పొగ, వానలో. ఈ కార్తెలో ఇక్కడ పొగ లేవడం ఎన్నేళ్ళ తరువాతనో. పసుపు చేలల్లో మొలక కనబడుతున్నది. ఎస్తేరు మందుల పెట్టె ముత్తాయమ్మ అరుగు మీద ఉన్నది.

సాయంత్రం కాకముందే తిరుగుదారి పట్టాను. సుకిరి వెనుక కూర్చున్నది. తాను తయారు చేసిన బండి మీద వెనుక కూర్చోవడం ఇదే మొదటిసారట. అందుకని దారి పొడుగునా సలహాలు. ఏనుగుబండ దగ్గర పడుతుండగా హఠాత్తుగా నోరు మూసుకున్నది. ఎందుకో వెంటనే తెలియలేదు. తరువాత చూసుకుంటే నా కుడిచేయి నుదుటి మీద ఉన్నది.

నేను ఎత్తలేదు. దానంతట అదే లేచింది.

“ఎల్దుం పదండి,” అన్నది కణుజు.

ఈసారి దిద్దలేదు.